జయరాజు పిడికిళ్ల అల్మారా

హన్మకొండలో జయరాజు షెడ్డుకు ఎవరు వెళ్లినా ముందు పిడికిలి అప్పగించాలి. పని సంగతి ఆ తర్వాతే. మనిషి గడప దాటడం ఆలస్యం, ఆయన గోరువెచ్చని నీళ్ల గిన్నెలోంచి కోడిగుడ్డంత మైనం ముద్ద తీసి, చొక్కాకు తుడిచి, వచ్చినవాళ్ల చేతిలో పెట్టేవాడు. "జర పిసుకు" అనేవాడు. పిసికాక, వేళ్ల ఆనవాళ్లు పడిన ఆ ముద్దను పసిపాపను అందుకున్నట్టు అందుకుని, వెలుతురుకు పెట్టి చూసి, "ఊఁ" అని, చీటీ మీద పేరూ తారీఖూ రాసి, గుండుసూదితో దానికి గుచ్చి, గోడ అల్మారాలో పెట్టేవాడు. అప్పుడు గానీ "ఇగ చెప్పు, ఏం పని మీద వచ్చినవ్?" అని అడిగేవాడు కాదు.

కరెంటు మీటరు చూడటానికి వచ్చినాయన పిసికాడు. పెళ్లి పత్రిక ఇవ్వడానికి వచ్చినవాళ్లు మొగుడూ పెళ్లాం చెరొక ముద్దా పిసికారు. ఓట్లడగడానికి వచ్చిన పెద్దమనిషి రెండు చేతులూ జోడించబోతే, ఆ చేతుల మధ్యలోనే ముద్ద పెట్టాడు. అది అప్పడంలా అయింది. దానికి కూడా చీటీ గుచ్చి దాచాడు. చర్చిలో కొవ్వొత్తి ముక్కలు ఎటు మాయమవుతున్నాయో కనుక్కుందామని పాస్టరుగారు స్వయంగా వచ్చి, ఆ కొవ్వొత్తులతోనే చేసిన ముద్దను శుభ్రంగా పిసికి, వచ్చిన పని మరిచిపోయి, ప్రార్థన చేసి వెళ్లిపోయారు.

ఇంతకీ జయరాజు చేసేది పాత కార్లకు సామాన్లు. మిల్లులో పోత పనికి అచ్చులు చేసి చేసి, అది మానేసి ఈ షెడ్డు పెట్టాడు. ఆ రోజుల్లో వరంగల్లో పాత కార్లకు కొదవ లేదు, వాటి సామాన్లకే కరువు. తలుపు పిడి విరిగినా, లైటు అద్దం పగిలినా, పెడలు రబ్బరు అరిగినా జయరాజు దగ్గరికి రావలసిందే. విరిగిన ముక్కను చేతిలో పెడితే వాసన చూసేవాడు, గోరుతో గీకేవాడు, చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టేవాడు. ఆ తర్వాత పిల్లకు సంబంధం చూస్తున్నవాడిలా ఆరా తీసేవాడు.

"దీని అత్తగారిల్లెక్కడ?"

"ఇంజన్ పక్కన అన్నా."

"అబ్బో! నూనె, వేడి, పొద్దంత లొల్లి. అసుంటి ఇంట్ల మెత్తటి రబ్బరు బతకది. గంధకం బాగ కలిపి, ఇనుప అచ్చుల బిగిచ్చి గట్టిగ ఉడకబెట్టాలె. ఇంకోటేంది?"

"ఇది తలుపుకు బయట ఉంటదన్నా."

"ఎండ, వాన, వచ్చేటోడు పోయేటోడు గుంజుడు. ఇసుక అచ్చుల ఇత్తడి పోద్దాం. అల్మినం వద్దు తమ్మీ, అత్త ఒక్క మాటంటే వంగిపోతది."

ఇదంతా బాగానే ఉండేది. అసలు చిక్కు సామాను చేతికొచ్చాక తెలిసేది. జయరాజు చేసిన నకలు అసలులా ఉండేది కాదు. ఎక్కడో లావు, ఎక్కడో పొడుగు, ఎక్కడో ఒక వంక. అడిగితే ఏదో ఒక కారణం చెప్పేవాడు. చెప్పేటప్పుడు మనిషి మొహం చూడకుండా షెడ్డు కప్పు వైపు చూసేవాడు.

ఈ కారణాలన్నీ కొమురెల్లికి కంఠతా వచ్చు. కొమురెల్లి వకీలు కిషన్ రావు గారి కారు డ్రైవరు. ఆ కారు నల్లటి మోరిస్ మైనర్. అది భార్య కన్నా ముందే ఇంటికి వచ్చింది కాబట్టి ఆ ఇంట్లో దానికే పెద్దరికం ఎక్కువ. దానిలో ప్రతి మేకూ, ప్రతి బుడిపే కొన్న రోజున ఎలా ఉందో ఎప్పటికీ అలాగే ఉండాలని కిషన్ రావు పట్టు. మనుషుల విషయంలోనూ ఆయనది అదే పట్టు. కొమురెల్లికి ముందు యాకయ్య అనే డ్రైవరు పన్నెండేళ్లు ఆ కారు నడిపాడు. ఒకరోజు పొద్దున కళ్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. సాయంత్రానికి ఉద్యోగం లేదు.

"అద్దాలు పెట్టుకున్నంకనే మంచిగ కనపడుతున్నది సార్" అని యాకయ్య మొత్తుకున్నాడు.

"అంటే నిన్నటిదాక కనపడకుండనే నన్ను తిప్పినవన్నమాట" అన్నాడు కిషన్ రావు. వకీలుతో వాదన పెట్టుకుంటే అంతే. "డ్రైవర్ అంటే నిండు మనిషి ఉండాలె. ఒక్క నట్టు తక్కువున్నా కారు కారు కాదు."

ఆ దర్జా చూసి కొమురెల్లికి భయం, గౌరవం రెండూ కలిగేవి. కిషన్ రావు తన తలుపు తాను తీసుకునేవాడు కాదు. కొమురెల్లి దిగి, చుట్టూ తిరిగి వచ్చి తీయాలి. మే నెలలో కూడా వెనక కిటికీ అద్దం దించేవాడు కాదు. "దుమ్ము" అనేవాడు. లోపల ఇడ్లీలా ఉడుకుతూ, నల్లకోటుతో, నుదుటి మీది చెమట తుడుచుకుంటూ కోర్టుకు వెళ్లేవాడు. పెద్దవాళ్ల దర్జా పెద్దవాళ్లది అనుకునేవాడు కొమురెల్లి.

డెబ్బై నాలుగు చలికాలంలో ఒక పొద్దున కారు స్టార్టు కాలేదు. కోర్టుకు ఆలస్యమవుతోందని కిషన్ రావు వెనక సీట్లోంచి గడియారం చూపించి చూపించి తొందరపెడుతుంటే, కొమురెల్లి కారు ముందు నిలబడి, ఇంజన్‌ను చేత్తో తిప్పి లేపే ఇనుప హ్యాండిల్‌ను ఎడమ చేత్తో తిప్పాడు. బొటనవేలు మడిచి తిప్పకూడదని ప్రతి డ్రైవరుకూ తెలుసు. తొందరలో మడిచాడు. ఇంజన్ ఎదురు తన్నింది, హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి బొటనవేలిని కొట్టింది.

"ఏమైంది?" అన్నాడు కిషన్ రావు.

"ఏం లే సార్, స్టార్టయింది" అన్నాడు కొమురెల్లి. కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే కోర్టుకు నడిపాడు. దవాఖానకు వెళితే కట్టు కడతారు, కట్టు కడితే సార్ చూస్తాడు. అందుకని వర్ధన్నపేటలో ఒకాయన దగ్గర పసరు పోయించుకున్నాడు. ఎముక అతుక్కుంది గానీ వేలు మాత్రం వంగడం మానేసింది. నిక్కబొడుచుకుని నిలబడిపోయింది.

ఆ కారుకు గేర్లు ఎడమ చేత్తో మార్చాలి. గేరు రాడ్డు మీద ఉండే బుడిపె బేకలైటు అనే గట్టి ప్లాస్టిక్కుది, నిమ్మకాయంత ఉంటుంది, నున్నగా జారుతుంది. బొటనవేలు వంగనివాడి చేతిలో అది నిలవదు. రెండుసార్లు చౌరస్తాలో గేరు పడక కారు ఆగింది. ఇంట్లో భార్య మల్లక్క, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు, నెల తిరిగేసరికి కట్టవలసిన అద్దె. యాకయ్య కళ్లద్దాలు కొమురెల్లికి కలలోకి వచ్చాయి. నాలుగో రోజున ఎవరూ చూడకుండా స్పానరు తీసుకుని ఆ బుడిపెను ఒక్కటిచ్చాడు. అది పగిలింది. పగిలిందని సార్‌కు చూపించి, జయరాజు షెడ్డుకు తెచ్చాడు. కొత్తది కాస్త లావుగా వస్తుందేమోనని ఆశ.

"గేరు ఎడమ చేతిది గదా. ఎడమ చెయ్యి పట్టు" అని జయరాజు ముద్ద పెట్టాడు.

కొమురెల్లి పిసికాడు. నాలుగు వేళ్లూ దిగాయి, బొటనవేలు దిగలేదు, ఊరికే పక్కన రాసుకుని ఒక గీత పడింది. జయరాజు గుండుసూది కోసం అటు తిరగగానే, కొమురెల్లి కుడిచేతి చూపుడువేలితో బొటనవేలు ఉండవలసిన చోట ఒక్క నొక్కు నొక్కాడు. జయరాజు ఇటు తిరిగి ముద్ద అందుకుని, వెలుతురుకు పెట్టి, మామూలు కన్నా కాసేపు ఎక్కువ చూశాడు.

"ఊఁ" అన్నాడు.

వారం తర్వాత గేరు బుడిపె వచ్చింది. జామకాయంత ఉంది. కొమురెల్లి చేయి దాని మీద పడగానే అరచెయ్యి మొత్తం దానికి అతుక్కుంది. గేర్లు వెన్నలో కత్తి దిగినట్టు పడ్డాయి. అతను లోలోపల మైసమ్మకు మొక్కుకున్నాడు. కిషన్ రావు మాత్రం మండిపడ్డాడు.

"ఏందయ్యా ఇది? నిమ్మకాయ ఇస్తే జామకాయ చేసినవ్!"

"రెజిన్ పోసిన సార్. ప్లాస్టర్ అచ్చుకు తేమ పట్టింది, జర ఉబ్బింది" అన్నాడు జయరాజు, కప్పు వైపు చూస్తూ. "ముద్ద పిసుకుతరా సార్?"

"నేను వకీలును. నా చేతి ముద్ర ఎవని దగ్గర పడితే వాని దగ్గర పెట్టను."

వరంగల్ మొత్తంలో జయరాజు అల్మారాలో లేని పిడికిలి కిషన్ రావుది ఒక్కటే. ప్రతిసారీ జయరాజు అడిగేవాడు, ప్రతిసారీ ఆయన చేతులు కోటు జేబుల్లో పెట్టుకునేవాడు.

ఆ మరుసటి ఏడు, చలిలో ఇంజన్ లేపడానికి లాగే చోక్ బుడిపె ఊడింది. జయరాజు ఇత్తడితో పోశాడు. బుడిపె రాలేదు, వేలు పట్టేంత ఉంగరం వచ్చింది. "ఇసుక జారింది సార్" అన్నాడు. ఆ పై ఏడు హ్యాండ్ బ్రేకుకు రబ్బరు తొడుగు కావలసి వచ్చింది. ఆ రబ్బరును షెడ్డులో కాక, దాని వెనకే ఉన్న ఇంట్లో పొయ్యి మీద ఉడకబెట్టాడు. గంధకం కంపుకు సందు సందంతా ముక్కు మూసుకుంది. ఆయన భార్య రాహేలు మిషన్ బడిలో టీచరు. ఏళ్ల తరబడి ఆయనతో కాపురం చేస్తున్నా, మనిషి మారతాడన్న ఆశ ఆమెకు చావలేదు.

"పక్కింటోళ్లు మనింట్ల గుడ్లు కుళ్లినయనుకుంటాండ్రు" అంది.

"గుడ్లు గాదు, వకీల్ సాబ్ హ్యాండ్ బ్రేకని చెప్పు."

"చెప్తే బాగుంటదా? పప్పెక్కడ వండాలె నేను?"

"ఇంకో అర్ధగంట ఆగు రాహేలూ. పప్పు ముందు దించినా ఏం గాదు, ఇది ముందు దించితే మెత్తగైతది."

తొడుగు వచ్చింది. దిండులా ఉంది. "ఉడుకుతాంటే పొంగింది సార్" అన్నాడు జయరాజు.

కిషన్ రావుకు ఓపిక పోయింది. "నీ ప్లాస్టర్ ఉబ్బుతది, నీ ఇసుక జారుతది, నీ రబ్బరు పొంగుతది. నీ షెడ్డుల ఉన్నది ఉన్నట్టు ఉండేది ఏదన్న ఒక్కటున్నదా?"

"నేనున్న గదా సార్" అన్నాడు జయరాజు. "ముద్ద పిసుకుతరా?"

మోరిస్ వెనక లైటు కథ చెప్పకపోతే జయరాజు సగమే తెలిసినట్టు. ఎర్రటి ఆ లైటు అద్దం, పోస్తే గాజులా గట్టిపడే రెజిన్‌తో పోయాలి. రెజిన్ హైదరాబాద్ నుంచి రావాలి, చుక్క వృథా కాకూడదు. అందుకని అచ్చు సరిగా ఉందో లేదో చూడటానికి జయరాజు ముందు చక్కెర పాకం పోసేవాడు. ఈ కిటుకు ఆయనకు మొగిలమ్మ దగ్గర దొరికింది. ఆవిడ హోలీకి చక్కెర పేర్లు, అంటే చక్కెర బిళ్లల దండలు, చేసి అమ్మేది. చెక్క అచ్చును ముందు నీళ్లలో నానబెడితే పాకం అంటకుండా ఊడి వస్తుందని, పాకం ఏ పదునులో పోయాలో ఆవిడే నేర్పింది. నేర్పినందుకు ఆవిడ కూడా ముద్ద పిసకక తప్పలేదు. కుంకుమ రంగు కలిపిన పాకం గుండ్రంగా, గీతలతో సహా, కోహినూరులా తయారై కిటికీలో కూర్చుంది.

ఆ సమయానికి కొమురెల్లి వచ్చాడు. జయరాజు లేడు. కిటికీలో అద్దం ధగధగలాడుతోంది. జయరాజు చేసిన సామాను ఇంత అచ్చంగా అసలులా ఉండటం జన్మలో మొదటిసారి చూసి, ఆ సంతోషంలో తీసుకుపోయి బిగించేశాడు. రెండు రోజులు అందరూ మెచ్చుకున్నారు. మూడో రోజు కోర్టు బయట కిషన్ రావు వచ్చేసరికి కారు వెనక ఒక పోలీసు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"వకీల్ సాబ్, మీ కారు లైటును చీమలు తింటున్నయ్."

చెట్టు మొదలు నుంచి బంపరు దాకా చీమల బారు. లైటుకు సగం చంద్రుడే మిగిలాడు. కిషన్ రావు నేరుగా షెడ్డుకు వచ్చి అరగంట సేపు చట్టం మాట్లాడాడు. జయరాజు అంతా విని ఒకటే ప్రశ్న వేశాడు.

"తినే ముంగట గీతలన్నీ మంచిగ కనపడ్డయా సార్?"

"కనపడ్డయ్."

"అయితే అచ్చుకు ఢోకా లేదు. రేపు అసల్ది పోస్త."

ఇలా ఏడేళ్లు గడిచాయి. ప్రతి ఏడాదీ ఏదో ఒకటి, ప్రతిసారీ ముద్ద, ప్రతిసారీ కొమురెల్లి దొంగ నొక్కు, ప్రతిసారీ ఒక "ఊఁ". జయరాజు చేతకానితనం తన అదృష్టమని కొమురెల్లి నమ్మకం. ఆయన పనితనం ఎన్నటికీ బాగుపడకూడదని మైసమ్మను కోరుకునేవాడు. ఊళ్లో టీ కొట్ల దగ్గర జయరాజును వెక్కిరిస్తుంటే తానూ నవ్వేవాడు.

ఎనభై రెండు జనవరిలో పిడుగు పడింది. హైదరాబాద్‌లో పాత కార్ల ప్రదర్శన పెడుతున్నారని, ఉన్నది ఉన్నట్టు కాపాడుకున్న కార్లకు బహుమతులని కిషన్ రావుకు ఉత్తరం వచ్చింది. ఆయన కారు కొన్నప్పటి పుస్తకం, అందులో లోపలి భాగం ఫొటో పట్టుకుని షెడ్డుకు వచ్చాడు.

"గేరు బుడిపె, చోక్ బుడిపె, బ్రేకు తొడుగు. మూడూ ఈ ఫొటోల ఉన్నట్టే రావాలె. వెంట్రుకవాసి తేడా వచ్చినా కోర్టుకీడుస్త."

"అట్లనే సార్" అన్నాడు జయరాజు.

ఇక తన పని అయిపోయిందనుకున్నాడు కొమురెల్లి. నిమ్మకాయ మళ్లీ వస్తుంది. హైదరాబాద్ దాకా నడపాలి, అక్కడ వందమంది ముందు కారును వరసలో పెట్టాలి. అందరి ముందూ గేరు జారితే ఇక ఇంటికి పోవడమే. మర్నాడు ఒంటరిగా షెడ్డుకు వచ్చాడు.

"అన్నా, ఈసారి ప్లాస్టర్ ఉబ్బదా?"

"ఉబ్బది తమ్మీ."

"ఇసుక?"

"జారది."

"రబ్బరన్న జర పొంగుతదేమో..."

"పొంగనియ్య. సార్ గట్టిగ చెప్పిండు గదా. ముద్ద పిసుకు."

"ఏడేండ్ల సంది పిసుకుతున్న!" అని కొమురెల్లి మొదటిసారి గొంతు లేపాడు. "ఏమొచ్చింది దీనితోని? నా చెయ్యి నీకు కొత్తనా?" అన్నాడే గానీ, ఆ కోపంలోనే ముద్దను పిసికి పడేశాడు. దొంగ నొక్కు నొక్కడానికి కూడా మనసు రాలేదు. నాలుగు వేళ్లే పడ్డాయి. జయరాజు దాన్ని చూసి "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" విని కొమురెల్లికి ఒళ్లు మండిపోయింది.

పది రోజుల తర్వాత కిషన్ రావు కొలిచే టేపుతో వచ్చాడు. బుడిపెను అటు కొలిచాడు, ఇటు కొలిచాడు, ఫొటో పక్కన పెట్టి చూశాడు. నిమ్మకాయంత, నల్లగా, నిగనిగలాడుతూ, అసలుకు కవల పిల్లలా ఉంది. చోక్, బ్రేకు కూడా అంతే.

"చేతనైతదన్నమాట నీకు!" అన్నాడు కిషన్ రావు. ఏడేళ్లలో ఆయన నోట వచ్చిన మొదటి మెచ్చుకోలు అదే.

"ముద్ద పిసుకుతరా సార్?"

"పిసుక."

కొమురెల్లి ఉరికంబం ఎక్కినట్టు డ్రైవరు సీటు ఎక్కాడు. చేయి బుడిపె మీద వేశాడు. అది జారలేదు. చూడటానికి బేకలైటు, పట్టుకుంటే మెత్తటి రబ్బరు. లోపల ఇత్తడి గుండె, పైన దీపం మసి కలిపి ఉడికించిన రబ్బరు పొర. పైనుంచి చూస్తే గుండ్రన, కింద కంటికి కనపడని చోట నాలుగు గుంటలు. నాలుగూ అతని నాలుగు వేళ్లవి. పక్కన సన్నటి అరుగు, వంగని బొటనవేలు వచ్చి ఊరికే ఆనుకునేందుకు. గేరు వేశాడు, పడింది. తీశాడు, వచ్చింది. తల తిప్పి చూస్తే జయరాజు కప్పు వైపు చూస్తున్నాడు. కొమురెల్లి దిగి ఆయన కాళ్లు మొక్కేవాడే. సార్ వెనకాల ఉన్నాడు కాబట్టి హారన్ కొట్టి ఊరుకున్నాడు.

హైదరాబాద్‌లో టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన కారు లోపలికి తొంగి చూసి, గేరు బుడిపె అసలుదే ఇన్నేళ్లు కాపాడినందుకు అభినందించి, మూడో బహుమతి కాగితం చేతిలో పెట్టాడు. కిషన్ రావు తిరుగు ప్రయాణమంతా ఆ కాగితం చదువుకుంటూనే ఉన్నాడు. సాయంత్రానికి మడికొండ దగ్గర టీకి ఆగారు. కొమురెల్లి తలుపు తీసి ఆయన్ను దింపి, డ్రైవరు తలుపు కూడా తెరిచే ఉంచి, టీ తేవడానికి వెళ్లాడు. ఆ ఆనందంలో కిషన్ రావుకు తన కారు ముందు సీట్లో కూర్చుని, బహుమతి తెచ్చిన ఆ బుడిపెను ఒకసారి ముట్టుకోవాలనిపించింది. కూర్చున్నాడు. చేయి వేశాడు. వేళ్లకు కింద గుంటలు తగిలాయి. తన వేళ్లు వాటిలో కుదరలేదు. ముప్పై ఏళ్లు సాక్షులను చూసిన మనిషి, ఆ గుంటలు ఇంకెవరివో అని తెలియడానికి ఎంతసేపు?

తల ఎత్తేసరికి కొమురెల్లి రెండు టీ గ్లాసులతో వస్తున్నాడు. కుడిచేతి గ్లాసు మామూలుగా ఉంది. ఎడమచేతి గ్లాసును నాలుగు వేళ్లతో పొదివి పట్టుకున్నాడు, బొటనవేలు జెండా కర్రలా పైకి నిలబడి ఉంది.

"ఎప్పటి సంది?" అన్నాడు కిషన్ రావు.

కొమురెల్లి అబద్ధం ఆడదామనుకున్నాడు, ఏదీ తోచలేదు. "డెబ్బై నాలుగుల సార్. కోర్టుకు లేటయితాందని మీరు గడియారం చూపిచ్చిన రోజు. హ్యాండిల్ తన్నింది."

కిషన్ రావు టీ తాగలేదు. కాసేపు కొమురెల్లి వేలు వైపు, కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత వెనక సీట్లోకి వెళ్లి కూర్చున్నాడు.

"జయరాజు షెడ్డుకు పోనియ్."

తన ఉద్యోగం ఎలాగూ పోయింది, పాపం జయరాజన్నకు కూడా మూడిందని కొమురెల్లి అనుకున్నాడు. జయరాజు బయటికి వచ్చి, అలవాటుగా గిన్నెలోకి చేయి పెట్టబోయాడు.

"ఆగు. ముందు నేనడిగేదానికి జవాబు చెప్పు" అన్నాడు కిషన్ రావు, కోర్టు గొంతుతో. "ఇతని వేలి సంగతి నీకు తెలుసా?"

"తెలుసు సార్."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవ్వలు చెప్పలే. పగిలిన బుడిపె తెచ్చిననాడు దాని మీద స్పానర్ దెబ్బున్నది. పగిలింది గాదు, పగలగొట్టిందని తెల్సింది." జయరాజు అల్మారా తెరిచి, కింది అరలోంచి ఏడు ముద్దలు వరసగా బల్ల మీద పెట్టాడు. ఏడింటికీ కొమురెల్లి పేరే. "ఇగో, మొదటి దాంట్ల ఆరు ఆనవాళ్లున్నయ్ చూడుండ్రి: నాలుగు వేళ్లు, బొటనవేలు రాసుకున్న గీత, మళ్ల ఒక నొక్కు. దేవుడు మనిషికి ఐదే ఇచ్చిండు. ఈ ఆరోది ఎందుకు దిగిందా అని వారం రోజులు ఆలోచించిన. మిగతా ఆరు సార్లు గూడ ఆరే. మొన్నటిది ఎనిమిదోది, దాంట్ల ఆ నొక్కు లేదు, నాలుగు వేళ్లు, ఆ గీత, అంతే."

కొమురెల్లి సిగ్గుతో తల వంచుకున్నాడు. ఏడేళ్లూ మోసం చేస్తున్నానని అనుకున్నాడు. జయరాజు ఒక్కో ముద్ద పక్కన ఆ ఏడాది చేసిన సామాను అచ్చును కూడా పెట్టాడు. జామకాయ, ఉంగరం, దిండు, ఇంకా మిగిలినవి.

"అయితే ప్లాస్టర్ ఉబ్బలేదా?" అన్నాడు కిషన్ రావు.

"నా ప్లాస్టర్ ఎన్నడు ఉబ్బలే సార్."

"ఇసుక?"

"జారలే."

"అందరూ నిన్ను పని రానోడని నవ్వుతాంటే నిజం చెప్పకపోయినవా?"

"చెప్తే ఇతని నౌకరి పోతుండె గద సార్. నాకేం పోయింది, నవ్వుకుంటె నవ్వుకున్నరు."

లోపలినుంచి రాహేలు అందుకుంది. "మొగిలమ్మ వేళ్లు పాకం కాలి ముడుచుకున్నయని ఆమె అచ్చులకు పిడులు పెట్టిండు. మా బడిల గంట కొట్టే ముసలాయనకు పట్టు లేదని గంటకు లావు తాడు కట్టిండు. గీ మనిషి ముద్దలెందుకో నాకు పెండ్లయిన పదేండ్లకు తెల్సింది. మీకు ఏడేండ్లకే తెల్సింది, నయమే."

కిషన్ రావు చాలాసేపు ఆ ఏడు ముద్దలనూ చూశాడు. "యాకయ్యను తీసేసుడు తప్పయింది" అన్నాడు ఎవరితోనూ కాకుండా. తర్వాత కోటు జేబులోంచి కుడిచేయి తీసి ముందుకు చాపాడు.

"ఆ ముద్ద ఇటియ్యి."

జయరాజు గిన్నెలోంచి కొత్త ముద్ద తీసి, చొక్కాకు కాక ఉతికిన తువ్వాలుకు తుడిచి, వకీలు చేతిలో పెట్టాడు. కిషన్ రావు పిసికాడు. పళ్లు బిగించి, మొహం ఎర్రబడేలా పిసికాడు. చేయి తెరిస్తే ముద్ద దాదాపు పెట్టినది పెట్టినట్టే ఉంది. వేళ్ల కణుపులు మాత్రం వాచి ఉన్నాయి.

కొమురెల్లికి ఒక్కసారిగా అంతా అర్థమైంది. తీయని తలుపు, దించని అద్దం, మే నెల చెమట.

"సార్! అంటే అది దర్జా కాదా?" అనేశాడు.

"దుమ్మూ కాదు" అన్నాడు కిషన్ రావు. "అద్దం హ్యాండిల్ తిరగదు నాతోని. పదేండ్లయింది. నీతోని చెప్తే నిండు మనిషి కాదంటవని ఊకున్న."

మొదట నవ్వింది రాహేలు. జయరాజు మాత్రం ముద్దను వెలుతురుకు పెట్టి, "ఊఁ" అని, చీటీ మీద కిషన్ రావు పేరు రాసి, అల్మారాలో ఏడేళ్లుగా ఖాళీగా ఉంచిన పై అరలో నడిమధ్యన పెట్టాడు. అప్పుడు ఆనవాయితీ ప్రకారం అడిగాడు.

"ఇగ చెప్పుండ్రి సార్, ఏం పని మీద వచ్చిండ్రు?"

వారం తిరిగేసరికి మోరిస్ వెనక కిటికీకి కొత్త హ్యాండిల్ వచ్చింది. మూరెడు పొడుగు, చివర మోచేయి పెట్టి తోసినా తిరిగేలా పెద్ద రబ్బరు గుండు. పుస్తకంలోని ఫొటోకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. ఆ మే నెలలో కిషన్ రావు గారి కారు అద్దం దించుకుని సుబేదారి రోడ్డు మీద వెళుతుంటే జనం ఆగి చూశారు. కోర్టు దగ్గర ఒక కుర్ర వకీలు లోపలికి తొంగి చూసి, తనకూ పాత కార్లు తెలుసని చూపించుకోవడానికి, "సార్, ఈ హ్యాండిల్ అసల్ది కాదు" అన్నాడు.

కిషన్ రావు వాడిని పైనుంచి కిందికి చూశాడు. "జయరాజుకు పిడికిలి ఇచ్చినవా?"

"ఏ జయరాజు సార్? ఇయ్యలే."

"మరి నీకేం తెలుసని మాట్లాడుతున్నవ్?" అని, గాలికి జుట్టు చెరిగిపోతుంటే హాయిగా వెనక్కి వాలి, "పోనియ్ కొమురెల్లీ" అన్నాడు.